పడ్డాక తేరుకునే పిల్లలు: మిడిల్ స్కూల్లో మనోబలం పెంచడానికి సమగ్ర మార్గదర్శి

లెక్కల పేపర్లు తిరిగి ఇచ్చే రోజు ఏడో తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చుని చూడండి. మార్కు కనిపించగానే ఒక పిల్లవాడు పేపరును నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో పుస్తకాలన్నిటికీ అడుగున తోసేస్తాడు. పక్కవాడు "ఎంతొచ్చాయిరా?" అంటే "చూడలేదు" అంటాడు. మర్నాడు కడుపునొప్పి. మూడో రోజు బడికి వస్తాడు గానీ లెక్కల పీరియడ్‌లో తల ఎత్తడు. అవే మార్కులు వచ్చిన ఇంకో అమ్మాయి కూడా ఏడ్చింది. కానీ మధ్యాహ్నానికల్లా స్నేహితురాలిని పక్కన పెట్టుకుని ఐదో లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతోంది.

"వాడికి ధైర్యం తక్కువ, ఆ పిల్ల గట్టిది" అని తేల్చేయడం చాలా సులువు. అలా అనే ముందు ఆ అమ్మాయికి ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. పక్కన కూర్చునే స్నేహితురాలు ఉంది. తప్పు చేసినా వెక్కిరించని టీచరున్నారు. మళ్లీ రాసే అవకాశం ఉంది. ఇంట్లో పేపరు చూపించగలనన్న నమ్మకం ఉంది. ఈ నాలుగింటిలో మూడు బడి చేతిలో ఉన్నవే. ఈ మార్గదర్శి ఆ మూడింటి గురించి.

11 నుంచి 14 ఏళ్ల మధ్య ఇది ఎందుకంత ముఖ్యమంటే, శరీరం మారిపోతుంటుంది, తోటివాళ్లు ఏమనుకుంటారన్నదే ప్రపంచమైపోతుంది. భావోద్వేగాలు ఉప్పెనలా వస్తాయి, వాటికి పగ్గం వేసే మెదడు ముందుభాగం మాత్రం ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది. సరిగ్గా ఇదే వయసులో చాలా దేశాల్లో బడి తీరు కూడా మారుతుంది. అప్పటిదాకా రోజంతా చూసుకున్న ఒక్క టీచరు పోయి, సబ్జెక్టుకొకరు చొప్పున ఆరేడుగురు వస్తారు. ఒక పెద్ద మనిషి అండ బాగా అవసరమైన సమయంలో ఎవరికీ పూర్తిగా చెందకుండా పోతారు పిల్లలు.

1. ముందు మాట తేల్చుకోండి

స్టాఫ్ మీటింగ్‌లో "మనోబలం ఉన్న పిల్ల అంటే మీకు ఎవరు గుర్తొస్తారు?" అని ఒక్కొక్కరినీ అడగండి. ఎంత తిట్టినా కిక్కురుమనని వాడి పేరు వస్తుంది. ఇంట్లో ఎన్ని కష్టాలున్నా బయటపడనివ్వని అమ్మాయి పేరు వస్తుంది. అది ఓర్చుకోవడం. తేరుకోవడం వేరు. తేరుకునే పిల్లకి దెబ్బ తగులుతుంది, ఏడుపొస్తుంది, రెండు రోజులు అన్నం సహించదు, ఆ తర్వాత ఎవరో ఒకరి ఆసరాతో మళ్లీ తన పనిలో పడుతుంది. బడి పెంచాల్సింది ఈ తేరుకోవడాన్ని. ఓర్పునే మనోబలం అనుకుంటే, లోపల నలిగిపోతున్న పిల్లల్ని మెచ్చుకుంటూ అలాగే వదిలేస్తాం.

హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తల్లిదండ్రుల అనారోగ్యం, ఇంట్లో గొడవలు లాంటి చాలా చిక్కుల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన ఒక విషయం, తమను నమ్మిన కనీసం ఒక్క పెద్ద మనిషి. ఆ మనిషి అమ్మమ్మో, పక్కింటివాళ్లో, టీచరో. ఆన్ మాస్టెన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2001లో ఈ రంగాన్నంతా పరిశీలించి, ఇది అసాధారణ వ్యక్తులకే ఉండే గొప్ప గుణం కాదనీ, చుట్టూ ఉన్న మామూలు బంధాలు సరిగ్గా పనిచేస్తే ఎవరిలోనైనా వచ్చేదేననీ చెప్పారు. నాకు ఇందులో చాలా ధైర్యం కనిపిస్తుంది. మామూలువాటిని బడి సమకూర్చగలదు.

2. పిల్లల్నీ ఇంటివాళ్లనీ అడగండి

ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని తెచ్చి మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఇది. చాలా బడులు దీన్ని దాటేస్తాయి.

న్యూజిలాండ్‌లో 2001లో విద్యా పరిశోధకుడు రస్సెల్ బిషప్ బృందం, ఆ దేశపు మూలవాసులైన మావోరీ విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో తెలుసుకోవడానికి నేరుగా ఆ పిల్లల్నే అడిగింది. తల్లిదండ్రుల్నీ టీచర్లనీ కూడా అడిగింది. టీచర్లలో ఎక్కువమంది పిల్లల ఇళ్లనీ, వాళ్ల పరిస్థితుల్నీ కారణంగా చూపించారు. పిల్లలు మాత్రం టీచర్లకీ తమకీ మధ్య ఉన్న సంబంధం గురించే ఎక్కువ మాట్లాడారు. ఆ తర్వాత నడిచిన టె కొటహిటంగ కార్యక్రమాన్ని ఈ మాటల మీదే కట్టారు. అడిగి ఉండకపోతే ఇంటిని బాగుచేసే పథకం ఏదో వచ్చేది, తరగతి గది అలాగే మిగిలేది.

కెనడా పరిశోధకుడు మైకేల్ ఉంగర్ బృందం 11 దేశాల్లోని 14 సమాజాల్లో పిల్లలతో మాట్లాడింది. మనిషికి కావలసినవి అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయి: అండగా నిలిచే బంధాలు, తన గుర్తింపు, కాస్త స్వేచ్ఛ, న్యాయం, నాలుగు వేళ్లు లోపలికి వెళ్లే దారి, తన సంస్కృతితో ముడి, నలుగురిలో ఒకడినన్న భావన. వాటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం చోటుని బట్టి మారింది. ఒకచోట తనంతట తాను నిలబడటం బలం. ఇంకోచోట కుటుంబం కోసం తన ఇష్టాన్ని పక్కన పెట్టగలగడమే బలం.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంస్కృతి అన్నది ఎప్పుడూ ఊతకర్రే కాదు. అఫ్గానిస్తాన్‌లో 11 నుంచి 16 ఏళ్ల బడిపిల్లలతో, వాళ్ల కుటుంబాలతో క్యాథరిన్ పాంటర్-బ్రిక్, మార్క్ ఎగర్‌మన్ చేసిన అధ్యయనంలో విశ్వాసం, కుటుంబ ఐక్యత, కష్టపడటం, గౌరవం లాంటి విలువలు యుద్ధం మధ్య కూడా ఆశని నిలబెట్టాయని తేలింది. ఆ విలువల్ని అందుకోలేని పేదరికంలో అవే పిల్లల్ని ఉక్కిరిబిక్కిరి చేశాయని కూడా తేలింది. అందుకే ఇంటి విలువల్ని పొగడటంతో ఆగకుండా, అవి ఈ పిల్లకి ఊపిరి పోస్తున్నాయా, మెడకి చుట్టుకున్నాయా అని విడిగా చూడాలి.

ఎలా అడగాలి? పిల్లల్ని ఐదారుగురి చొప్పున కూర్చోబెట్టి మూడే ప్రశ్నలు. "ఇక్కడ ఒక పిల్ల బాగానే ఉందని మీకు ఎలా తెలుస్తుంది? బాగోలేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆ సమయంలో బడిలో మేం చేసే పనుల్లో ఏది ఇంకా బాధపెడుతుంది?" "నువ్వు" అనకుండా "ఒక పిల్ల" అనండి. సొంత బాధ చెప్పుకోవడం తప్పని నేర్చుకున్న పిల్లలు కూడా అప్పుడు మాట్లాడతారు. ఇవే ప్రశ్నలు ఇంటివాళ్లని వాళ్ల భాషలో, వాళ్లకి వీలైన వేళలో అడగండి.

వచ్చిన జవాబుల్లో అక్కడివాళ్లు వాడిన మాటల్ని యథాతథంగా రాసుకోండి. కొందరు పిల్లలు "డిప్రెస్డ్‌గా ఉంది" అనరు, "తల బరువుగా ఉంది", "గుండెలో మంట" అంటారు. టీచరు కళ్లలోకి చూడకపోవడం ఒక ఇంట్లో మర్యాద, ఇంకో ఇంట్లో దాపరికం. మౌనంగా ఉన్న పిల్లని "ఓపెన్ అప్ అవ్వు" అని ఒత్తిడి చేయడం సాయం కాదు. కొందరు మాట్లాడి తేరుకుంటారు, కొందరు బొమ్మ గీసి, కొందరు ప్రార్థన చేసి, కొందరు బంతి ఆడి.

3. ప్రతి పిల్లకీ ఒక పెద్ద

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

స్టాఫ్ రూమ్ గోడ మీద మిడిల్ స్కూల్ పిల్లలందరి పేర్లూ అతికించండి. ప్రతి టీచరూ, లైబ్రేరియనూ, ఆఫీసులో కూర్చునేవాళ్లూ, గేటు దగ్గర ఉండే మనిషీ అందరూ చిన్న రంగు చుక్కలు తీసుకుని నిలబడాలి. "ఈ పిల్ల చదువు కాకుండా ఇంకో సంగతి నాకు తెలుసు, ఏదైనా కష్టమొస్తే నా దగ్గరికి రావచ్చు" అని నిజంగా అనుకునే పేరు పక్కనే చుక్క పెట్టాలి. మాట్లాడుకోకుండా చేయాలి. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ తర్వాత వెనక్కి జరిగి చూడండి. మొదటి ర్యాంకులవాళ్ల పక్కనా, బాగా అల్లరి చేసేవాళ్ల పక్కనా చుక్కలు గుంపులుగా కనిపించడం మామూలు. మధ్యలో కొన్ని పేర్ల పక్కన ఒక్క చుక్కా ఉండదు. గొడవ చేయని, పైకి రాని, ఫిర్యాదు లేని పిల్లలు. కొత్తగా ఆ ఊరికి వచ్చినవాళ్లు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు అందులో ఎక్కువ ఉన్నారేమో చూడండి. ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు ఎవరినీ నిందించకండి. చుక్కలేని పేర్లను అక్కడికక్కడే పంచుకోండి, మనిషికి ఇద్దరు ముగ్గురికి మించకుండా.

పంచుకున్నాక చేయాల్సింది చాలా చిన్న పని. రోజుకి రెండు నిమిషాల చొప్పున వరసగా పది బడి రోజులు ఆ పిల్లతో చదువు, ప్రవర్తన గురించి కాకుండా వేరే ఏదైనా మాట్లాడాలి. మొదటి మూడు రోజులూ "ఊ", "లేదు మేడమ్" తప్ప జవాబు రాకపోవచ్చు. ఆపకండి. "నిన్న నువ్వు బ్యాగు మీద గీసిన బొమ్మ ఏంటి నాన్నా?" అంటే చాలు. పదకొండో రోజు నుంచి మామూలుగా పలకరిస్తూ ఉండండి. ఒక్కసారిగా మానేస్తే మొదలుపెట్టకపోవడమే నయం.

ఆ పెద్ద మనిషి టీచరే అయి ఉండాలా? బిహార్‌లో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లల మీద జరిగిన సెహర్ అధ్యయనం దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చింది. బడి వాతావరణాన్ని బాగుచేసే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉన్న టీచర్లకే అప్పగించారు, కొన్నింటిలో కొద్ది రోజుల శిక్షణ పొందిన ప్రత్యేక వ్యక్తిని పెట్టారు. ప్రత్యేక వ్యక్తి ఉన్న బడుల్లో వాతావరణం బాగా మెరుగుపడింది, దిగులూ వేధింపులూ తగ్గాయి. టీచర్లకి అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దీన్నిబట్టి టీచర్లు పనికిరారని అనుకోవద్దు. సిలబస్సూ మార్కులూ మోసే మనిషి నెత్తిన ఇంకో బరువు పెడితే అది ముందు కింద పడుతుంది. అదే రాష్ట్రంలో గర్ల్స్ ఫస్ట్ అనే కార్యక్రమం ఏడు, ఎనిమిది తరగతుల అమ్మాయిల్ని వారానికోసారి గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించింది. నడిపింది స్థానిక మహిళలే. పిల్లల మాట, వాళ్ల ఇళ్ల సంగతులు తెలిసినవాళ్లు.

4. తప్పు దిద్దే తీరు మార్చండి

ఎర్ర ఇంకుతో నిండిన పేపరు అందుకున్న పిల్ల మనసులో మొదట వచ్చే ప్రశ్న "ఎక్కడ తప్పు?" అని కాదు, "నేనంటే ఈ టీచరుకి చులకనా?" అని. తమ వర్గాన్ని బడి తక్కువగా చూస్తుందని ముందే తెలిసిన పిల్లల్లో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా ఉంటుంది.

అమెరికాలో డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ తదితరులు ఏడో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దాక కొందరి పేపరుకి ఒక చిన్న చీటీ జతచేయించారు. నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు కాబట్టే ఇవన్నీ రాస్తున్నాను అని దాని సారం. మిగతావాళ్లకి ఈ మాట లేని మామూలు చీటీ పెట్టారు. అది అందుకున్న నల్లజాతి విద్యార్థుల్లో 17 శాతం మందే వ్యాసాన్ని మళ్లీ రాశారు. ఈ చీటీ అందుకున్నవాళ్లలో 70 శాతం పైగా రాశారు. చిన్న ప్రయోగమే, 2014లో ప్రచురితమైంది, కానీ దాని వెనక ఉన్న తర్కం ఏ తరగతి గదికైనా పనికొస్తుంది. చీటీలో మూడూ ఉండాలి: ప్రమాణం తగ్గించకపోవడం, నువ్వు చేయగలవన్న నమ్మకం, ఎలా చేయాలో చూపించే గట్టి సూచన. మూడోది లేకుండా మొదటి రెండూ రాస్తే అది ఉత్త పొగడ్త.

మళ్లీ రాసే అవకాశం కూడా నిజంగా ఉండాలి. "బాగా ప్రయత్నించు" అని రాసి, మార్కు మారదని చెబితే పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే. కనీసం టర్మ్‌కి ఒక్క పరీక్షలో తప్పిన లెక్కల్ని దిద్ది తెస్తే సగం మార్కులు తిరిగి ఇవ్వండి. తెలివి పెరుగుతుందని చెప్పే చిన్న పాఠం మీద అమెరికాలో దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. వెనకబడిన విద్యార్థుల మార్కులు కొద్దిగా పెరిగాయి, అది కూడా తోటివాళ్లలో కష్టమైన పనికి పూనుకోవడం మామూలుగా ఉన్న బడుల్లోనే ఎక్కువగా. గోడ మీద పోస్టరు అంటించినంత మాత్రాన ఏమీ జరగదు.

జేమ్స్ స్టిగ్లర్ అనే పరిశోధకుడు 1979లో జపాన్‌లో ఒక నాలుగో తరగతి గదిలో చూసిన దృశ్యం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఘనం బొమ్మ సరిగ్గా గీయలేని పిల్లవాడినే టీచరు బోర్డు దగ్గరికి పిలిచారు. వాడు గీస్తున్నాడు, తప్పుతున్నాడు. టీచరు మధ్య మధ్యలో తరగతిని అడుగుతున్నారు, వాళ్లు ఇంకా కుదరలేదంటున్నారు. చూస్తున్న స్టిగ్లర్‌కి చెమటలు పట్టాయి, పిల్లవాడు ఏడుస్తాడేమోనని. వాడు ఏడవలేదు. పీరియడ్ చివరికి బొమ్మ వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. దీన్ని రేపే మీ తరగతిలో చేయకండి. అక్కడ అది పని చేసింది, ఎందుకంటే కష్టపడటం చదువులో భాగమన్న నమ్మకం ఆ పిల్లలందరిలోనూ ముందే పాతుకుపోయి ఉంది. అది లేనిచోట అదే పని పిల్ల పరువు తీస్తుంది. ముందుగా మీ తప్పునే బోర్డు మీద వేసి దిద్దుకోండి. తర్వాత పేరు లేకుండా ఒక తప్పు జవాబు తీసుకుని, ఇందులో సరైన ఆలోచన ఎక్కడిదాకా నడిచిందో అందరితో వెతికించండి. కొన్ని నెలలు అలా గడిచాక పిల్లలే బోర్డు దగ్గరికి వస్తారు.

5. కొత్తగా వచ్చిన ఏడాది

ఆరో తరగతిలో చేరిన మొదటి రెండు నెలల్లో "ఇక్కడ నేనొక్కడినే ఇలా ఉన్నాను" అన్న భావన బలంగా ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 11 మిడిల్ స్కూళ్లలో, ముందు ఏడాది విద్యార్థుల అనుభవాల్ని ఆరో తరగతి పిల్లలకి చదవడానికిచ్చి, తమ మాటల్లో రాయమన్నారు. మొదట్లో అందరికీ భయంగానే ఉంటుంది, కొన్నాళ్లకి సర్దుకుంటుంది అన్నదే వాటి సారాంశం. హాజరు పెరిగింది, ఫెయిలైన సబ్జెక్టులు, క్రమశిక్షణ కేసులు తగ్గాయి. మీరు చేయాల్సిందల్లా ఏడో తరగతి పిల్లల చేత ఉత్తరాలు రాయించడం. "నేను గది దొరక్క ఏడ్చాను" లాంటి నిజమైన సంగతి ఉండాలి, ఎలా కుదురుకున్నారో ఉండాలి. "అంతా సూపర్‌గా ఉంటుంది" అని రాసినవి పక్కన పెట్టండి.

6. బాధ్యత ఇవ్వండి

కవాయి అధ్యయనంలో తేరుకున్న పిల్లల్లో చాలామంది ఇంట్లో ఎవరికో ఆసరాగా ఉన్నవాళ్లే. తన అవసరం ఒకరికి ఉందన్న భావన మనిషిని నిలబెడుతుంది. జపాన్ బడుల్లో పిల్లలు వంతులవారీగా తరగతి శుభ్రం చేస్తారు, భోజనం వడ్డిస్తారు, తరగతి సమావేశాలు నడుపుతారు. దీన్ని టొక్కట్సు అంటారు. ఈజిప్టు ఈ పద్ధతితో 2018లో ప్రత్యేకంగా బడులు తెరిచింది. మావోరీల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లలకి తోడుగా నిలిచే తుఆకన-టెయిన అనే సంబంధం ఉంది, న్యూజిలాండ్ బడులు దాన్ని చదువులో వాడుకుంటాయి.

అరువు తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త. పొద్దున్నే ఇంటి పనంతా చేసి వచ్చిన అమ్మాయికి బడిలో ఇంకో చీపురు ఇస్తే అది బాధ్యత కాదు, బరువు. ఏ పని ఎవరికన్నది ఆడా మగా చూసో, పుట్టుక చూసో పంచితే అది అవమానం. వంతు అందరికీ తిరగాలి, టీచర్లకి కూడా. పని పక్కన నిర్ణయం కూడా ఇవ్వండి. లైబ్రరీకి ఏ పుస్తకాలు కొనాలి, ఆటస్థలం ఎవరికి ఎప్పుడు అన్నది పిల్లలు తేల్చి, దాని పర్యవసానం కూడా వాళ్లే చూడాలి.

7. మనసు ఉడికిపోతున్నప్పుడు

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్ సహచరులు 10 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసిన కార్యక్రమంలో ముఖ్యమైన మెలకువ ఒకటుంది: జరిగినదాన్నీ, దాని గురించి మనం అనుకున్నదాన్నీ విడదీయడం. ఉదాహరణకి వరండాలో స్నేహితురాలు పలకరించకుండా వెళ్లిపోయింది. అదీ జరిగింది. "నాతో మాట్లాడటం మానేసింది" అన్నది నేను అనుకున్నది. ఇంకేం కారణాలు ఉండొచ్చో మూడు రాయమనండి. ఏది నిజమో తెలుసుకోవడానికి ఏం చేయొచ్చో ఒకటి రాయమనండి. ఎవరిదో కథతో మొదలుపెట్టండి, పిల్లల సొంత విషయంతో కాదు.

ధ్యానం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో జరిగిన మిరియడ్ అధ్యయనం 2022లో ఫలితాలు ప్రకటించింది. తరగతి మొత్తానికీ నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ వల్ల, మామూలుగా జరిగే పాఠాలకంటే అదనపు మేలు కనబడలేదు. ఇష్టపడ్డవాళ్లకి నేర్పండి, కళ్లు మూసుకోమని ఎవరినీ బలవంతపెట్టకండి. పరీక్ష ముందు టెన్షన్‌తో ఉన్న పిల్లకి నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదలమని చెప్పడం మాత్రం ఎక్కడైనా చేయవచ్చు.

8. వేధింపు ఉన్నచోట

ఏడిపిస్తున్న పిల్లల మధ్య ఇరుక్కున్నవాడికి "నువ్వు గట్టిగా ఉండాలి" అని చెప్పడం అన్యాయం. ముందు వేధింపు ఆగాలి. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన కివా కార్యక్రమం దృష్టి చుట్టూ నిలబడి చూసేవాళ్ల మీద ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తే ఏడిపించేవాడికి వచ్చే లాభం పోతుంది. బాధపడ్డ పిల్ల దగ్గరికి ఆ సాయంత్రం వెళ్లి కూర్చోవడం, తోడుగా మెట్లు దిగడం, టీచరుకి చెప్పడం లాంటి చిన్న పనుల్ని తరగతిలో ఆడించి సాధన చేయించండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సారీ చెప్పించాలంటే దెబ్బతిన్న పిల్ల మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. లేకపోతే వద్దు.

9. ఫలితం ఎలా చూడాలి

మనోబలానికి గ్రేడు ఇవ్వకండి. ఇచ్చిన రోజు నుంచి పిల్లలు నటించడం మొదలుపెడతారు. బడినే కొలవండి. చెడ్డ మార్కు వచ్చాక ఎంతమంది మర్నాడు బడికి వచ్చారు? దిద్ది తెచ్చిన పేపర్లు ఎన్ని? సాయం అడిగినవాళ్లలో ఎవరెవరు ఉన్నారు, ఏ వర్గం పిల్లలు అసలే లేరు? ఏడాదికి రెండుసార్లు చుక్కల గోడ మళ్లీ కట్టండి. మంచి మార్కులు తెచ్చే బడులు కూడా ఈ లెక్క తీయాలి. సునియా లూథర్ పరిశోధనల్లో, విపరీతమైన పోటీ ఉన్న సంపన్న బడుల పిల్లల్లోనూ ఆందోళన, దిగులు ఎక్కువగా కనిపించాయి.

కొన్ని గుర్తులు కనిపిస్తే బడి ఒక్కటే మోయకూడదు. రెండు వారాలకి మించి నిద్ర, తిండి, స్నేహాలు మారిపోవడం, ఒంటి మీద గాయాలు, చావు గురించిన మాట, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం. అదే రోజు ఆ పిల్లని నేరుగా అడగండి: "నిన్ను నువ్వు గాయపరచుకోవాలని అనిపిస్తోందా నాన్నా?" అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పిల్లని ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లకీ, మానసిక వైద్యం తెలిసినవాళ్లకీ చేర్చండి. ఇంట్లోనే ప్రమాదం ఉందని అనిపిస్తే ముందుగా పిల్లల రక్షణ చూసేవాళ్లకి చెప్పండి.

కొన్ని వారాల తర్వాత ఆ పిల్ల తిరిగి వచ్చే రోజు కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. గేటు దగ్గర తనకి నచ్చిన ఒక పెద్ద మనిషి ఉండాలి. పాత బెంచీ, పాత స్నేహితురాలి పక్కన ఖాళీగా ఉంచాలి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తనతోనే మాట్లాడి ఒక వాక్యం సిద్ధం చేయాలి. మొదటి వారం సగం పూటే చాలు. పోయిన పాఠాల్లో ఏవి అత్యవసరమో టీచర్లు తమలో తాము తేల్చుకుని ఒక్క కాగితం మీద రాసి పెట్టాలి. ఆ రోజు హోంవర్క్ సంగతి ఎవరూ అడగకూడదు.